పక్షుల గానంతో కలిసి ఆరుబయట మనోధర్మం: వేణువు ఎప్పుడు పలకాలి, ఎప్పుడు ఆగాలి?

వేణువనం (చర్చ ప్రారంభం, ఏప్రిల్ 2)

సభ్యులందరికీ నమస్కారం. నేను పదహారేళ్లుగా కర్ణాటక సంప్రదాయంలో వేణువు అభ్యసిస్తున్నాను. నూజివీడు దగ్గర మా మామగారి మామిడి తోటలో ఈ వేసవిలో నెల రోజులు ఉండబోతున్నాను. తెల్లవారుజామున నాలుగున్నర దాటగానే అక్కడ మొదలయ్యే పక్షుల సందడి విన్నప్పుడల్లా, ఆ గొంతుల మధ్య కూర్చుని మనోధర్మంతో, అంటే అప్పటికప్పుడు కల్పించుకుంటూ, రాగాలాపన చేయాలన్న కోరిక బలపడుతోంది. ఇది కచేరీ కోసమో వీడియో కోసమో కాదు.

చిన్నప్పుడు మనమందరం కోయిలకు ఎదురు కూసినవాళ్లమే. మనం "కూ" అంటే అది ఇంకాస్త పైకెక్కి "కూ" అని రెట్టించేది. మనకు ఊపిరి చాలనంతవరకూ ఆ పంతం సాగేది. అదే పని ఇప్పుడు శిక్షణ పొందిన చెవితో, చేతిలో వాద్యంతో చేస్తే సంగీతం అవుతుందా అన్నది నా మొదటి ప్రశ్న. నా వాదనం వల్ల పక్షులకు ఏదైనా కీడు జరుగుతుందా అన్నది రెండో ప్రశ్న. నిజానికి నన్ను ఎక్కువగా వేధిస్తున్నది ఇదే. ఇటువంటి ప్రయత్నం ఇదివరకు చేసినవారి గురించి తెలిసినవారు దయచేసి వివరంగా రాయండి.

స్ప్రీతీరం (ఏప్రిల్ 2)

వేణువనం గారూ, నేను పదకొండేళ్లుగా బెర్లిన్‌లో ఉంటున్నాను. ఈ విషయానికి ఈ నగరాన్ని మించిన చోటు దొరకడం కష్టం. ఏప్రిల్ మధ్య నుంచి జూన్ మొదటి వారాల వరకు ఇక్కడి పార్కుల్లో నైటింగేల్స్ రాత్రంతా పాడతాయి. ఆఫ్రికాలో చలికాలం గడిపి వచ్చే ఈ పిట్ట బరువు ఇరవై గ్రాములకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. గొంతు మాత్రం రెండు వీధుల అవతలికి వినబడుతుంది. నగరం నడిబొడ్డున ఇన్ని పక్షులు ఉండటానికి, పార్కుల్లో పొదలను మరీ నున్నగా కత్తిరించకుండా వదిలేయడం ఒక కారణమని ఇక్కడివారు చెబుతారు.

అమెరికన్ క్లారినెట్ విద్వాంసుడు, తత్త్వశాస్త్ర ఆచార్యుడు అయిన డేవిడ్ రోథెన్‌బర్గ్ ఏళ్ల తరబడి ఈ పార్కులకు వచ్చి అర్ధరాత్రి దాటాక నైటింగేల్స్‌తో కలిసి వాయించారు. ఊద్ అనే అరబ్బు తీగవాద్యం వాయించే సిరియా కళాకారుడు, వయొలిన్ విద్వాంసురాలు, గాయనులు ఆయనకు తోడయ్యారు. ఆ అనుభవాలతో 2019లో పుస్తకం, ఆల్బమ్, చలనచిత్రం మూడూ వచ్చాయి. ఆయనకు ఈ దారి తెరుచుకున్నది 2000లో, పిట్స్‌బర్గ్‌లోని జాతీయ పక్షిశాలలో. అక్కడ తెల్లజుట్టు లాఫింగ్ థ్రష్ ఒకటి ఆయన క్లారినెట్‌కు ఎదురు పాడింది. అయితే అది పంజరంలోని పక్షి. చీకట్లో తన ఇష్టం వచ్చినప్పుడు ఎగిరిపోగల పక్షి ముందు వాయించడం వేరే సంగతి, అక్కడ కళాకారుడికి ఏ అధికారమూ ఉండదు.

మూడేళ్ల కిందట మే నెలలో ట్రెప్‌టవర్ పార్కులో ఒక చిన్న బృందంతో కలిసి నేను విన్నాను. రాత్రి ఒంటిగంట వేళ క్లారినెట్ వాయించే ఒక మిత్రుడు మొదట అరగంట సేపు ఏమీ వాయించలేదు. ఆ తరవాత ఒక్క స్వరం పట్టి, సన్నగా మొదలుపెట్టి, వదిలేశాడు. పక్షి తన పాట తాను పాడి ఆగింది. ఆ ఖాళీలో అతను మళ్లీ ఒక్క స్వరం పలికించాడు. అలా పావుగంట గడిచేసరికి, పాటకూ పాటకూ మధ్య ఉన్న నిశ్శబ్దం ఎవరిదో తెలియని స్థితి వచ్చింది. నాకు సంగీతశాస్త్రం రాదు, కాబట్టి అది సంగీతమా కాదా అని తీర్పు చెప్పలేను. కానీ మేము ఎనిమిదిమందిమి ఇంటికి వెళ్లేటప్పుడు మాటలు లేకుండా నడిచాము.

శ్రుతిపెట్టె (ఏప్రిల్ 3)

వర్ణన చదవడానికి చాలా బాగుంది, కానీ ఒక గాత్ర అధ్యాపకురాలిగా నా అభ్యంతరాన్ని దాచుకోలేను. జుగల్‌బందీలో ఇద్దరికీ తాము కలిసి పాడుతున్నామన్న ఎరుక ఉంటుంది. ఒకరు వేసిన సంగతిని మరొకరు అందుకుని పెంచుతారు, ఇద్దరికీ ఆధార షడ్జం, అంటే మొదటి స్వరం "స", ఒక్కటే. పక్షికి మీ షడ్జంతో పని లేదు. నారదీయ శిక్ష అనే ప్రాచీన గ్రంథంలో నెమలి షడ్జాన్నీ, క్రౌంచం మధ్యమాన్నీ, వసంతంలో కోకిల పంచమాన్నీ పలుకుతాయని ఉన్న మాట మనకందరికీ తెలుసు. అది స్వరాల స్వభావాన్ని శిష్యుడికి గుర్తుచేసే ఉపాయమని నేను పాఠం చెబుతాను. నిజమైన కోయిల కూతను శ్రద్ధగా వినండి: ప్రతి కూతలోనూ స్వరం కింది నుంచి పైకి జారుతుంది, వరసగా కూసేకొద్దీ ఆ మొత్తం ఇంకొంచెం పైకి జరుగుతుంది. అది ఏ ఒక్క స్వరస్థానంలోనూ నిలబడదు. కోకిలప్రియ అని పదకొండో మేళకర్తకు (కర్ణాటక సంగీతంలోని మూల రాగాల్లో ఒకదానికి) పేరుంది కదా అని అందులో కోయిల కూత వెతకలేము.

నేను భయపడేది ఒక్కటే. పక్షి తన కారణాల కోసం తాను అరుస్తుంటే, మనం దానిపక్కన మనకు నచ్చింది వాయించుకుని, "సంభాషణ" అని పేరు పెట్టుకుంటామేమో. సంభాషణ అనే మాటను అంత తేలికగా వాడకూడదని నా మనవి.

కొల్లేటికొంగ (ఏప్రిల్ 3)

నేను జంతుశాస్త్రం బోధిస్తాను, ఇరవై ఏళ్లుగా పక్షుల్ని గమనిస్తున్నాను. శ్రుతిపెట్టె గారి జాగ్రత్త సరైనదే, కానీ పక్షి మన స్వరాన్ని పట్టించుకోదన్న నిర్ణయానికి రావడం కూడా తొందరపాటే అవుతుంది.

నైటింగేల్ మగపక్షి ఒక్కటి రెండు వందల దాకా వేర్వేరు పాటలు పాడగలదు. ఒక పాట కొన్ని సెకన్లు, దాదాపు అంతే విరామం, ఆ తరవాత మరో పాట. ఈ విరామం వృథా కాదు. పక్క పొదలోని మగపక్షి ఏం పాడుతోందో వినే సమయం అది. ఎదుటి పక్షి విరామంలో పాడితే అది మామూలు ఇరుగుపొరుగు మర్యాద. పాట మధ్యలో దాని మీదే పాడితే కయ్యానికి కాలు దువ్వడమని పరిశోధనల్లో తేలింది. వాటిలో కొన్ని పాటలు ఒకే స్వరస్థాయిలో సాగే ఈలల్లా ఉంటాయి. 2023లో జర్మనీలోని మాక్స్ ప్లాంక్ సంస్థ పరిశోధకులు ఈ ఈలలనే పరీక్షించారు. ఎదుటి ఈల ఏ స్థాయిలో ఉంటే ఆ స్థాయికి నైటింగేల్స్ అప్పటికప్పుడు తమ ఈలను సర్దుకుంటున్నాయని, కృత్రిమంగా తయారుచేసిన ఈలలు వినిపించినా అలాగే చేశాయని చూపించారు. అంటే స్ప్రీతీరం గారి మిత్రుడు ఒక్క స్వరాన్ని నిలకడగా పట్టుకోవడం, విరామం కోసం ఆగడం రెండూ ఆ పక్షి భాషకు దగ్గరగా ఉన్న పనులే. అది మన కచేరీ మర్యాద కాదు, పక్షుల మర్యాద. కళాకారుడు దాన్ని వింటూ వింటూ అందుకున్నాడు.

ఇక కోయిల విషయం పూర్తిగా వేరు. సరోజినీ నాయుడు గారిని ఇంగ్లీషులో నైటింగేల్ అన్నారు, మనం భారత కోకిల అన్నాం, అందువల్ల రెండూ ఒకలాంటి పక్షులన్న భావన మనలో స్థిరపడింది. నైటింగేల్ తన పాటను పెద్ద పక్షుల దగ్గర విని నేర్చుకుంటుంది. కోయిల కాకి గూట్లో పెరిగి కూడా కోయిలలాగే కూస్తుంది, ఎందుకంటే ఆ కూత నేర్చుకున్నది కాదు, పుట్టుకతో వచ్చినది. మీరు ఎదురు కూస్తే రెట్టించేది మగకోయిలే, తన తావులోకి పరాయి మగపక్షి వచ్చిందన్న ఆందోళనతోనే. చిన్నప్పటి ఆ ఆట మనకు ముచ్చట, దానికి కాదు. కాబట్టి మీ తోటలో సంగీతం వెతకదలిస్తే కోయిల వైపు కాకుండా, మన ప్రాంతంలో కొన్నిచోట్ల పెద్ద నాలంచి అని పిలిచే మ్యాగ్‌పై రాబిన్ వైపు చెవి పెట్టండి. నలుపు తెలుపు రంగుల పిట్ట, తోక పైకెత్తి చిటారుకొమ్మన కూర్చుంటుంది. అది పాట నేర్చుకునే జాతి, ఇతర పక్షుల్ని అనుకరించగలదు, మార్చి నుంచి జులై దాకా తెల్లవారకముందే పాట అందుకుంటుంది.

ధ్వనిగ్రాహి (ఏప్రిల్ 4)

నేను సినిమాలకు, డాక్యుమెంటరీలకు శబ్దం రికార్డు చేసే పని చేస్తాను. మా వృత్తిలో ప్రతివారికీ తెలిసిన ఒక సంఘటన ఈ చర్చకు అవసరం.

ఇంగ్లండ్‌లోని సర్రే ప్రాంతంలో ఆక్స్‌టెడ్ దగ్గర బియాట్రిస్ హారిసన్ అనే చేలో (పెద్ద వయొలిన్ లాంటి తీగవాద్యం) విద్వాంసురాలు ఉండేవారు. ఇంటి తోటలో రాత్రిపూట సాధన చేస్తుంటే నైటింగేల్ గొంతు కలపడం ఆమె గమనించారు. దీన్ని రేడియోలో వినిపించాలని బీబీసీ అధిపతి జాన్ రీత్‌ను అడిగితే ఆయన మొదట ఇష్టపడలేదు. చివరికి 1924 మే 19 రాత్రి ఇంజినీర్లు ఆ తోటలో మైక్రోఫోన్ పెట్టి, టెలిఫోన్ తీగ మీదుగా శబ్దాన్ని లండన్‌కు పంపారు. స్టూడియో బయటి నుంచి ప్రత్యక్ష ప్రసారం చేయడం అప్పటికి చాలా కొత్త. ఆమె వాయించిన వాటిలో డ్వోర్జాక్ పాట ఒకటి, రిమ్‌స్కీ కోర్సకోవ్ రాసిన "భారతదేశపు పాట" మరొకటి. చాలాసేపు పక్షి పలకలేదు. ప్రసార సమయం ముగియవస్తుండగా పాట వినబడింది. శ్రోతల నుంచి ఉత్తరాలు వెల్లువెత్తాయి, ఆ ప్రసారం ఏటేటా కొనసాగింది. 1936లో ఆమె ఆ ఇల్లు విడిచిపోయాక, చేలో లేకుండా పక్షుల్ని మాత్రమే వినిపించారు.

1942 మే 19న జరిగినది మరిచిపోలేనిది. ప్రసారానికి మైక్రోఫోన్ సిద్ధంగా ఉండగా, జర్మనీలోని మాన్‌హైమ్ మీద దాడికి వెళ్తున్న 197 బాంబర్ విమానాల హోరు మొదలైంది. ఆ శబ్దం గాలిలోకి వెళ్తే శత్రువుకు ముందే సమాచారం అందుతుందని గ్రహించిన ఇంజినీరు ప్రసారాన్ని నిలిపివేశాడు. రికార్డింగ్ మాత్రం ఆగలేదు. ఆ రికార్డు ఇప్పటికీ ఉంది. విమానాల హోరు దగ్గరై, దూరమై, ఆ మొత్తం సమయమూ నైటింగేల్ పాడుతూనే ఉంటుంది. పనిలో చేరిన కొత్తలో నా గురువు దీన్ని వినిపించినప్పుడు, హెడ్‌ఫోన్ తీసి కింద పెట్టడానికి నాకు కొంతసేపు పట్టింది.

నా వృత్తికి సంబంధించిన ఒక గమనిక కూడా చెబుతాను. చేలో స్వరాల్లో ఎక్కువ భాగం నైటింగేల్ గొంతుకన్నా చాలా కింద ఉంటాయి. అందువల్ల రెండు శబ్దాలూ ఒకదాన్నొకటి కప్పేయలేదు. అడవిలో ఒక్కో ప్రాణి ఒక్కో స్వరస్థాయిని తనదిగా చేసుకుంటుందని, అందువల్లే అన్నీ ఒకేసారి వినబడగలుగుతాయని శబ్ద పరిశోధకుడు బెర్నీ క్రౌస్ ప్రతిపాదించారు. వేణువనం గారూ, మీ వేణువు తారస్థాయి, అంటే పైస్వరాలు, సరిగ్గా కోయిల కూసే చోటే పడుతుంది. పొడవైన వేణువు తీసుకువెళ్లి మంద్రస్థాయిలో, కింది స్వరాల్లో, ఉండండి.

శ్రుతిపెట్టె (ఏప్రిల్ 4)

ధ్వనిగ్రాహి గారు రాసిన 1924 నాటి సంగతిలో ఒక చిక్కు ఉందని నేను విన్నాను. ఆ రాత్రి పాడింది పక్షి కాదనీ, పక్షి గొంతును అనుకరించే కళాకారిణి అనీ అంటారు. అది నిజమైతే మనం ఆదర్శంగా చెప్పుకుంటున్న ఘట్టమే కూలిపోతుంది కదా?

ధ్వనిగ్రాహి (ఏప్రిల్ 5)

మీరన్నది నిజంగానే ఉన్న వివాదం. మైక్రోఫోన్లు, మనుషుల రాకపోకలు పక్షిని బెదరగొడితే అక్కరకు వస్తుందని ఈలపాటలో దిట్ట అయిన మోడ్ గూల్డ్ అనే కళాకారిణిని సిద్ధంగా ఉంచారన్న కథనం ఉంది. ఆ అవకాశం ఉందని 2022లో బీబీసీ కూడా ఒప్పుకుంది. కాదనేవారూ ఉన్నారు. అయితే నాకు ఆ కథనంలో ఉపయోగపడే భాగం ఒకటుంది. బరువైన పరికరాలు మోసుకుంటూ పొదల మధ్య మనుషులు తిరిగితే పక్షి నోరు మూస్తుందన్న అనుమానం ఆనాటివారికే ఉంది. ఆ తరవాతి సంవత్సరాల ప్రసారాల్లోనూ, 1942 రికార్డులోనూ ఉన్నది అసలైన పక్షే. కాబట్టి మొదటి రాత్రి సంగతి ఏదైనా, ఆ తోటలో చేలో పక్కన నైటింగేల్స్ పాడాయన్నది నిలబడుతుంది.

మామిడిపూత (ఏప్రిల్ 5)

పెద్దల చర్చ శ్రద్ధగా చదువుతున్నాను. మాది కూడా తోటల ప్రాంతమే. వ్యవసాయానికి కరెంటు ఏ వేళ ఇస్తారో ముందే కనుక్కోండి. తెల్లవారుజామున కరెంటు వచ్చిందంటే చుట్టుపక్కల మోటార్లన్నీ ఒకేసారి మొదలవుతాయి. ఆ తరవాత పక్షీ వినబడదు, వేణువూ వినబడదు.

కొల్లేటికొంగ (ఏప్రిల్ 5)

మామిడిపూత గారి మాటకు ఒక చేర్పు. బెర్లిన్‌లోనే 2004లో హెన్రిక్ బ్రూమ్ అనే శాస్త్రవేత్త, రద్దీ ఎక్కువున్న చోట నైటింగేల్స్ మరింత బిగ్గరగా పాడతాయని, సెలవు రోజులకన్నా పనిదినాల ఉదయాల్లో గొంతు పెంచుతాయని చూపించారు. అంతకుముందు ఏడాది నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో, రద్దీ చోట్ల ఉండే గ్రేట్ టిట్ పక్షులు తక్కువ స్థాయి స్వరాలను వదులుకుని పైస్థాయిలో పాడుతున్నట్టు తేలింది. గొంతు పెంచడానికి శక్తి కావాలి. మన వేణువు కూడా ఆ పక్షికి మరో మోటారు కాకూడదు.

ఇప్పుడు రెండో ప్రశ్నకు వస్తాను. పక్షి పాటనే రికార్డు చేసి స్పీకర్లో వినిపించి దాన్ని బయటికి రప్పించడాన్ని, ముఖ్యంగా గూడు కట్టే కాలంలో, పక్షి పరిశీలకులు తప్పుగా భావిస్తారు. లేని శత్రువు కోసం అది మేత మానేసి వెతుకుతుంది. వేణువు పక్షి పాట కాదు కాబట్టి అంత కీడు ఉండకపోవచ్చు; కానీ పక్షి కూతను ఉన్నదున్నట్టు అనుకరించడం మొదలుపెట్టారంటే మీరు స్పీకరు చేసే పనే చేస్తున్నట్టు. ఒకే చెట్టు కింద రోజూ కూర్చోకండి. అరగంట మించకండి. పక్షి పాట ఆపి కసరుకున్నట్టు టకటకా అరిస్తే, లేదా నోట్లో పురుగు పట్టుకుని కొమ్మ మీద అటూ ఇటూ మసలుతూ గూటికి వెళ్లకపోతే, అక్కడి నుంచి వెంటనే లేచిపోండి.

స్ప్రీతీరం (ఏప్రిల్ 6)

ఇంగ్లండ్ జానపద గాయకుడు శామ్ లీ వసంతకాలంలో సస్సెక్స్ అడవుల్లో నిర్వహించే నైటింగేల్ రాత్రుల గురించి చెప్పడం మరిచాను. వచ్చినవారందరూ ముందు నెగడు చుట్టూ కూర్చుని పాటలూ కథలూ వింటారు. ఆ తరవాత టార్చిలైట్లు లేకుండా, మాట్లాడకుండా, చీకట్లో వరసగా నడిచి పక్షి ఉన్న పొద దగ్గరికి వెళ్తారు. చాలాసేపు ఊరికే విన్న తరవాతే ఎవరో ఒకరు మెల్లగా పాడతారు లేదా వాయిస్తారు. బ్రిటన్‌లో గత యాభై ఏళ్లలో నైటింగేల్స్ తొంభై శాతానికి పైగా తగ్గిపోయాయి. హారిసన్ కాలంలో ఇంటి తోటలో వినబడిన పాట కోసం ఇప్పుడు అక్కడివారు అడవులు వెతుక్కుంటూ వెళ్లవలసి వస్తోంది. ఆ సంగతి తెలిసి వింటే ప్రతి విరామమూ బరువుగా ఉంటుంది. ఈసారి ఇది ఆగింది, మళ్లీ అందుకుంటుందా అనిపిస్తుంది.

శ్రుతిపెట్టె (ఏప్రిల్ 7)

నా మొదటి అభిప్రాయాన్ని కొంత సవరించుకుంటున్నాను. స్వరస్థాయిని అప్పటికప్పుడు సర్దుకునే పక్షి ఉన్నప్పుడు "పక్షికి మీ షడ్జంతో పని లేదు" అన్న నా మాట నిలబడదు. అయినా నైటింగేల్‌కు వర్తించినది మన తోటలోని పక్షికి వర్తిస్తుందని అనుకోవద్దు. వేణువనం గారికి ఒక గురువుగా నా సలహా ఇది: శ్రుతిపెట్టె తీసుకువెళ్లకండి. ఆ పేరు పెట్టుకున్న నేనే ఈ మాట అంటున్నాను, ఎందుకంటే ఆగకుండా మోగే శ్రుతి ఆ విరామాలన్నింటినీ నింపేస్తుంది. షడ్జాన్ని మనసులో పెట్టుకోండి. వేగమైన సంగతులు వద్దు. భూపాళంలో ఐదే స్వరాలు, ఉదయకాలపు రాగం, నిలకడకు వీలున్న రాగం. ఒక స్వరం పట్టండి, వదలండి. మనోధర్మమంటే తోచినదంతా వాయించడం కాదని విద్యార్థులకు నేను ఏళ్లుగా చెబుతున్నాను. ఏది వాయించకూడదో ఆ క్షణంలో తెలుసుకోవడానికి మీకు మంచి చోటే దొరికింది.

వేణువనం (ఏప్రిల్ 21)

ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి. అందరి సూచనలూ పాటించాను. మొదటి నాలుగు రోజులు వేణువు సంచిలోనే ఉంది. ఆ నాలుగు రోజుల్లో తోటలో ఎవరెప్పుడు గొంతు విప్పుతారో తెలిసింది. నాలుగూ ఇరవైకి పెద్ద నాలంచి ఒక్కటే మొదలుపెడుతుంది, ఇంకా చుక్కలు కనబడుతూనే ఉంటాయి. పావుగంటకు కోయిల. వెలుతురు రేఖ కనబడ్డాక పిగిలిపిట్టలు, ఆ తరవాత గోరింకలు, దూరంగా చెరువు వైపు తీతువు. జెముడుకాకి లోతైన గొంతు ఎప్పుడో ఒకసారి నేలలోంచి వచ్చినట్టు వినబడుతుంది. కరెంటు ఐదున్నరకు వస్తుంది. కాబట్టి నాకు మిగిలేది గంటా పది నిమిషాలు.

ఐదో రోజున, చెట్టుకు నలభై అడుగుల దూరంలో కూర్చుని, పొడవైన వేణువు మీద మంద్ర పంచమం పట్టాను. నాలంచి వెంటనే ఆగిపోయింది. నాకు చాలా బాధ కలిగింది. వేణువు దించి ఊరుకున్నాను. దాదాపు ఐదు నిమిషాల తరవాత అది పక్కనున్న కొబ్బరిచెట్టు మొవ్వ మీదికి మారి మళ్లీ అందుకుంది. ఆ రోజు ఇక వాయించలేదు.

ఎనిమిదో రోజుకు నా స్వరానికి అది ఆగడం మానేసింది. అది నాకు బదులు చెప్పిందని అనను, శ్రుతిపెట్టె గారు హెచ్చరించిన మాట నాకు గుర్తుంది. జరిగినది ఇంతే: అది పాడి ఆగినప్పుడు నేను ఒక స్వరం పలికించాను, నేను ఆగినప్పుడు అది పాడింది. ఇరవై నిమిషాల్లో నేను వేణువు ఎత్తినది పదకొండు సార్లు. ఇంట్లో సాధన చేసేటప్పుడు గాంధారం మీద నిలవడానికి నాకు తొందర ఎక్కువ, మా గురువుగారు దాని గురించి ఎన్నోసార్లు మందలించారు. అక్కడ ఆ తొందర రాలేదు, ఎందుకంటే తరవాత ఏం వాయించాలన్న ఆలోచన నా చేతిలో లేదు. అది ఎంతసేపు పాడుతుందో, ఎక్కడ విరుస్తుందో వినడంతోనే సరిపోయింది. ఒక్కసారి మాత్రం నేను వదిలిన స్వరం చివరా, దాని పాట మొదలూ ఒకే స్థాయిలో కలిశాయి. అది యాదృచ్ఛికమే కావచ్చు. నా చేతి వెంట్రుకలు లేచి నిలబడ్డాయి.

కొల్లేటికొంగ (ఏప్రిల్ 22)

చదువుతుంటే తోటలో కూర్చున్నట్టే ఉంది. మొదటి రోజు మీరు వేణువు దించడం చాలా మంచి పని. ఆడపక్షి ఏమైనా కనబడిందా? మగదానిలో నల్లగా ఉన్న చోట అది బూడిదరంగులో ఉంటుంది. చెట్టు తొర్రల దగ్గర చూడండి.

వేణువనం (ఏప్రిల్ 24)

కనబడింది. నిన్న ఉదయం, నేను అప్పుడప్పుడు ఆనుకుని కూర్చునే ముసలి చెట్టుకు నాలుగు చెట్ల అవతల, మొదలు విరిగిన మామిడి తొర్రలోకి బూడిదరంగు పక్షి గడ్డిపరకలు మోసుకెళ్లింది. నేను చూస్తుండగానే ఆరు సార్లు తిరిగింది. మగపక్షి పైకొమ్మన పాడుతూనే ఉంది. వేణువు గుడ్డలో చుట్టి ఇంట్లో పెట్టేశాను. పిల్లలు ఎగిరిపోయేదాకా ఆ వైపు వాయించను. చీకటి ఉండగానే వెళ్లి, గట్టు మీద కూర్చుని, మోటార్లు మొదలయ్యేదాకా విని వస్తున్నాను.